తాళాలమ్మ తీసిపెట్టిన గడియ

పోయిన వారం మనం తాళాలమ్మని చెవి దగ్గర ఫోనుతో, మొహం నిండా నవ్వుతో వదిలిపెట్టి వచ్చాం. ఆ నవ్వు ఊరికే రాలేదు. ఎనిమిది నెలల కష్టం ఆ మధ్యాహ్నం ఆమె కంప్యూటర్ తెర మీద నాలుగు వరుసలుగా వచ్చి నిలబడింది. నగరంలోని నాలుగు రక్తనిధుల సైట్లకు వెళ్లి, ఏ గ్రూపు రక్తం ఎన్ని యూనిట్లు ఉందో పట్టుకొచ్చి, అంతా ఒకేచోట చూపించే పేజీ అది. మర్నాడు పదింటికి దాన్ని పెద్దాసుపత్రి సూపరింటెండెంటుకి చూపించాలి. ఆయన సరేనంటే ఆసుపత్రి హాల్లో గోడ మీద ఆ పేజీ పగలూ రాత్రీ వెలుగుతుంది. బాబాయ్ భుజం తట్టాడు. సరిగ్గా అప్పుడే అక్క ఫోను చేసి, "ఏమే, నీ పేజీలో అంకెలు లేవు" అంది. మనం అక్కడ ఆగాం.

"లేకపోవడమేంటి అక్కా, నాకిక్కడ కళ్లెదురుగా ఉన్నాయి" అంది తాళాలమ్మ.

"నీకు కనిపిస్తే నాకేం లాభం? నాలుగు పేర్లూ ఉన్నాయి. పేర్లకెదురుగా గీతలున్నాయి. అంతే."

"ఒకసారి మూసి తెరువు."

"మూడుసార్లు మూశాను, నాలుగుసార్లు తెరిచాను. ఇక నా ఓపిక మూతపడటమే మిగిలింది."

ఆ పేజీ పుట్టిందే అక్క కోసం. అక్క కూతురికి ఏడేళ్లు. ఒంట్లో రక్తం సరిగ్గా తయారుకాని జబ్బు. మూడు వారాలకోసారి బయటి రక్తం ఎక్కించాలి, అదీ వెతికితే గానీ దొరకని నెగటివ్ గ్రూపు. ప్రతి మూడు వారాలకీ అక్క ఫోను పట్టుకుని కూర్చుంటుంది. ఒకచోట లైనులో ఉండమంటారు, ఒకచోట సైట్లో చూసుకోమంటారు, ఒకచోట ఎత్తరు. ఈసారి గడువు రేపు సాయంత్రం. పాప పెదాలు అప్పుడే పాలిపోయాయి, రెండు మెట్లెక్కి మూడో మెట్టు మీద కూర్చుండిపోతోంది. అందుకే అక్క వేళాకోళం ఆడుతున్నా గొంతు మాత్రం ఆడటం లేదు.

"పది నిమిషాల్లో చేస్తాను" అని ఫోను పెట్టేసింది తాళాలమ్మ. పది నిమిషాలన్నది ఆ వృత్తిలో వాళ్లు ఎంత సమయానికైనా వాడే మాట.

ఆఫీసులో ఉన్నదే ముగ్గురు. ఒకప్పుడు అది బాబాయ్ అచ్చాఫీసు. సీసం అక్షరాలు పోసుకునే చెక్క అరల్లో ఇప్పుడు తీగలూ, పాత కీబోర్డులూ ఉన్నాయి. కాయితాలు కోసే మిషను మీద హెల్మెట్లు పెడతారు. గోడలకింకా సిరా వాసన వదల్లేదు. అచ్చుపని తగ్గాక బాబాయ్ సైట్లు కట్టే పనిలోకి దిగాడు. అన్నగారమ్మాయి, అంటే మన తాళాలమ్మ, వచ్చి చేరింది. తర్వాత సొంత అల్లుడు కూడా వచ్చాడు. అల్లుడంటే తాళాలమ్మకి చెల్లెలి మొగుడు, వరసకి మరిది. ఆఫీసు పాస్‌వర్డులూ, సైట్లు చేయించుకున్న వాళ్ల పాస్‌వర్డులూ అన్నీ ఆమె గుప్పిట్లోనే ఉంటాయి కాబట్టి తాళాలమ్మ అన్న పేరు పెట్టింది ఈ మరిదే. కిందటి నెల ఆయన కీబోర్డు కింద పాస్‌వర్డు రాసిన చీటీ దొరికిందని ఆమె అరగంట క్లాసు పీకింది. ఆయన దాన్ని మర్చిపోలేదు.

తాళాలమ్మ లేచి మరిది కుర్చీ దగ్గరకెళ్లి పేజీ తెరిచింది. నాలుగు పేర్లు, నాలుగు గీతలు. బాబాయ్ కంప్యూటర్లోనూ అంతే. తన దగ్గరకొచ్చి చూస్తే అంకెలు నిక్షేపంగా ఉన్నాయి.

"మీ కంప్యూటరుకి మీరంటే మొహమాటం వదినా" అన్నాడు మరిది.

ఆమె నవ్వలేదు. ఆయన కంప్యూటర్లోనే బ్రౌజరు తప్పుల పట్టిక తెరిచింది. ఎర్రగా నాలుగు వరుసలు, నాలుగూ ఒకే మాట చెబుతున్నాయి: ఈ పేజీలోని స్క్రిప్టు పక్క సైటు పేజీని చదవడానికి ఆ సైటు ఒప్పుకోలేదు. ఇది కొత్త సంగతేమీ కాదు, పాఠాల్లో మొదటి వారమే చెబుతారు. మరి తన కంప్యూటర్లో ఎలా చదవనిస్తోంది? ఆమె తన కుర్చీలోకి తిరిగొచ్చి తెర పైమూల చూసింది. అక్కడ చిన్న బొమ్మ, ఒక డాలు, దాని మీద అడ్డగీత. రోజూ కనిపిస్తూ, రోజూ కనిపించడం వల్లే కంటికి ఆనడం మానేసిన బొమ్మ.

ఒంట్లో రక్తమంతా మొహంలోకి వచ్చినట్టయింది ఆమెకి. ఎనిమిది నెలల కిందట, ఈ పని మొదలుపెట్టిన రోజున, ఒక్క గంట కోసమని బ్రౌజరుకి తనే ఆ పనిముట్టు తగిలించింది. అది చేసే పని ఒక్కటే. బ్రౌజరు వేసే ఆ అడ్డుని తీసేయడం. ముందు పేజీ రూపం చూసుకుందాం, అడ్డు సంగతి తర్వాత చూద్దాం అనుకుంది. పేజీ రూపం కుదిరింది. తర్వాత అన్నది రాలేదు. ఊరందరికీ తాళాలు వేసే మనిషి తన తలుపు గడియ తీసిపెట్టి ఎనిమిది నెలలు నిద్రపోయింది.

దాచే ఆలోచన ఆమెకి రాలేదని చెప్పను. అర నిమిషం వచ్చింది. తర్వాత కుర్చీ వెనక్కి తిప్పి, "బాబాయ్, తప్పు నాది" అంది.

బాబాయ్ కళ్లద్దాలు నుదుటి మీదకి తోసి, "తెలుగులో చెప్పు" అన్నాడు.

"మన పేజీలో ఒక స్క్రిప్టు ఉంటుంది. అది చూసేవాళ్ల బ్రౌజర్లో కూర్చుని పనిచేస్తుంది. పక్క సైటుకి వెళ్లి, 'మీ పేజీ ఒకటి ఇవ్వండి' అంటుంది. వాళ్లు ఇస్తారు కూడా. కానీ అది మన స్క్రిప్టు చేతికి వచ్చేలోగా బ్రౌజరు అడ్డం నిలబడుతుంది. 'వీళ్లకి ఇవ్వొచ్చని ఆ ఇంటివాళ్లు చీటీ రాశారా' అని చూస్తుంది. చీటీ లేకపోతే వచ్చిన పేజీని తన దగ్గరే ఉంచేసుకుంటుంది, మనకివ్వదు."

"మంచి పనేగా అది?"

"మంచి పనే. లేకపోతే నువ్వేదో పాటల సైటు తెరిస్తే, అది వెనకనుంచి నీ మెయిలు తెరిచి చదువుకోగలదు. నా బ్రౌజర్లో ఆ కాపలా తీసేశాను. తీసేసిన సంగతి మర్చిపోయాను. అందుకే నాకు తప్ప ఎవరికీ రావడం లేదు."

"ఎనిమిది నెలలా?" అన్నాడు మరిది.

"ఎనిమిది నెలలు."

"ఆఫీసు పాస్‌వర్డులన్నీ ఆ బ్రౌజర్లోనే కదా వదినా?"

"అవును మరిదిగారూ. కంచే చేను మేసింది. సాయంత్రం లోపల అన్నీ మారుస్తాను. మీ కీబోర్డు కింద చీటీ కూడా మార్చుకోండి."

బాబాయ్ మాత్రం నవ్వలేదు. బల్లమీది ఎర్రసిరా పెన్ను తీసి మూత పెడుతూ, తీస్తూ కూర్చున్నాడు. అచ్చాఫీసు రోజుల నుంచీ ఆయన కోపం అలాగే కనిపిస్తుంది.

"ప్రూఫు ఎవరు చూశారు?"

"నేనే చూశాను."

"ఎన్నిసార్లు?"

"వందసార్లయినా చూసుంటాను."

"నా ప్రెస్సులో ఉన్నది ఒకటే రూలు. అక్షరాలు కూర్చినవాడు తన ప్రూఫు తను చూడకూడదు. ఎందుకో తెలుసా? ఒకసారి సంతాపం కార్డు వేశాం. పోయినాయన పేరుండాల్సిన చోట, కార్డు వేయించుకోడానికి వచ్చిన తమ్ముడి పేరు పడింది. నాలుగుసార్లు ప్రూఫు చూశారు, కూర్చినవాడే చూశాడు. కార్డుల కట్ట తీసుకెళ్లిన ఆ తమ్ముడు గంటలో తిరిగొచ్చి నా మొహం మీద కొట్టాడు. కూర్చినవాణ్ణి నేనే. మన తప్పు మన కంటికి కనపడదమ్మాయ్. నీకీ కథ ఎన్నిసార్లు చెప్పాను?"

"చాలాసార్లు చెప్పావు."

"వినలేదు."

"వినలేదు" అంది ఆమె. అంతకంటే పెద్ద శిక్ష ఆయన వేయడు, ఆమెకి అది చాలు.

అప్పుడు మరిది గొంతు సవరించుకున్నాడు. "ఒక మాట చెప్పనా? రేపు వదిన కంప్యూటరే పట్టుకెళదాం. దాంట్లో భేషుగ్గా వస్తోందిగా. ఆయన సరేనన్నాక తీరిగ్గా బాగుచేసుకుందాం. ఎవరికి తెలుస్తుంది?"

బాబాయ్ తాళాలమ్మ వైపే చూస్తున్నాడు. ఆమెకి ఆ మాట చేదుగా ఏమీ లేదు, తియ్యగానే ఉంది. ఎనిమిది నెలల పని, పది గంటలకి పరీక్ష. సంచిలో తన కంప్యూటరు పెట్టుకుని వెళితే గెలిచి రావచ్చు. కానీ ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇంట్లో, అదీ ఒక్క మూలలో మాత్రమే గెలిచే పేజీని పట్టుకుని రచ్చకెక్కితే, అక్క చేతిలో ఇంకా నాలుగు గీతలే ఉంటాయి.

"అక్క ఫోనులో రాని పేజీ నాకెందుకు మరిదిగారూ? గోడకి బొమ్మ కావాలంటే క్యాలెండరు తగిలించుకుంటారు. రెండు గంటలివ్వండి, దీన్ని సరిగ్గా చేస్తాను."

"రెండు గంటల్లో నాలుగు సైట్లవాళ్లూ చీటీ రాసిస్తారా?"

"రాసివ్వరు. కాపలా ఉన్నది బ్రౌజర్లో. మన పేజీని అందరికీ అందించే సర్వరుకి ఆ కాపలా లేదు. అది నేరుగా వెళ్లి ఆ పేజీలు తెస్తుంది, అందులోంచి అంకెలు ఏరి మన పేజీకిస్తుంది. అప్పుడు బ్రౌజరుకి అవి మన ఇంట్లోంచి మన ఇంట్లోకి వచ్చినట్టే లెక్క. మధ్యలో ఎవరి చీటీ అక్కర్లేదు."

"దానికి అంత కష్టమెందుకు? నెట్లో ఎవరో పుణ్యాత్ములు అలా తెచ్చిచ్చే సర్వర్లు ఉచితంగానే పెట్టారుగా. ఒక్క అడ్రసు మారిస్తే ఐదు నిమిషాల పని."

"మీ అమ్మాయికి మందులు కావాలంటే, ఊరూ పేరూ తెలియని మనిషి చేతికి చీటీ ఇచ్చి తెమ్మంటారా? మధ్యలో అతను అంకె మార్చినా, పాత పేజీ ఇచ్చినా మనకెలా తెలుస్తుంది?"

మరిది చేతులు రెండూ పైకెత్తి, టీ తేవడానికి వెళ్లాడు. అది ఆయన ఒప్పుకునే పద్ధతి.

ముందుగా ఆమె ఆ డాలు బొమ్మని బ్రౌజర్లోంచి పీకేసింది. తన తెర మీద కూడా అంకెలు మాయమై నాలుగు గీతలు మిగిలాయి. విచిత్రంగా ఆమెకి అప్పుడే ధైర్యం వచ్చింది. ఇప్పుడు అందరికీ కనిపిస్తున్నదే తనకీ కనిపిస్తోంది. అక్కడి నుంచి చేతులు వాటంతటవే నడిచాయి. ఒక్కో సైటు పేజీ తెప్పించడం, దాని వెనకున్న హెచ్‌టీఎమ్మెల్ రాతలో పట్టిక ఎక్కడుందో పట్టుకోవడం, గ్రూపు పేరు పక్కనున్న అంకెని తీయడం, తెచ్చిన వేళతో సహా మన పేజీకి అందించడం. మూడో సైటువాళ్లు పట్టికలో పట్టిక పెట్టారు. నాలుగో వాళ్లు అంకెని అక్షరాల్లో రాశారు. ఆమె ఇద్దర్నీ ఓ మాట అనుకుని దాటేసింది. రెండు గంటలన్నది రెండుంపావు అయింది.

"ప్రూఫు" అంది, కుర్చీ వెనక్కి జరుపుతూ.

బాబాయ్ మొహం మొదటిసారి విప్పారింది. ఆయన తన పద్ధతిలోనే కానిచ్చాడు. తమ పేజీని కాయితం మీద తీయించి ముందు పెట్టుకున్నాడు. మరిది తన కంప్యూటర్లో రక్తనిధుల అసలు సైట్లు ఒక్కొక్కటే తెరిచి, వెనకటికి ప్రెస్సులో రాతప్రతి చదివినట్టు పైకి చదివాడు. బాబాయ్ కాయితం మీద వేలు పెట్టుకుని విన్నాడు. కూర్చిన మనిషిని మాట్లాడనివ్వలేదు.

"ఒకటి, పెద్దాసుపత్రి రక్తనిధి. మన పాప గ్రూపు, సున్నా."

"సున్నా" అని బాబాయ్ ఎర్రసిరాతో టిక్కు పెట్టాడు.

"రెండోది, సున్నా. మూడోది, రెండు. నాలుగోది, సున్నా."

టిక్కు, టిక్కు, టిక్కు. మిగతా గ్రూపులు కూడా వరసగా చదివారు. ముప్పై రెండు అంకెలు, మక్కీకి మక్కీ సరిపోయాయి. తాళాలమ్మ గోళ్లు కొరకడం ఆపింది. అప్పటికే ఫోను మోగుతోంది.

"వచ్చాయే" అంది అక్క. ఈసారి గొంతులో వేళాకోళం లేదు. "మూడో దాంట్లో రెండున్నాయి. మనకి కావాల్సింది ఒకటేగా. పాపని తీసుకుని బయల్దేరుతున్నాను. డాక్టరమ్మ చీటీ కూడా పెట్టుకున్నాను."

"వెళ్లక్కా. చేరాక ఫోను చెయ్యి."

"ఒక్క ఫోను కూడా చెయ్యకుండా బయల్దేరడం ఏడేళ్లలో ఇదే మొదలు తెలుసా" అంది అక్క, పెట్టేసే ముందు. తాళాలమ్మకి కళ్లు చెమర్చాయి. తుడుచుకోలేదు కూడా, ఇంట్లో వాళ్లేగా ఉన్నది.

బాబాయ్ ప్రూఫు కాయితాన్ని బల్ల మీద సాపు చేస్తూ, "అడిగావా?" అన్నాడు.

"ఎవర్ని?"

"ఆ నాలుగు ఇళ్లవాళ్లని. బ్రౌజరు అడిగే చీటీ లేకుండా సర్వరు దోవన వెళ్లొచ్చావు. బాగుంది. మరి మర్యాదకి అడగొద్దూ?"

"అందరూ చూసుకోడానికి పెట్టిన పేజీయే కదా బాబాయ్."

"చదువుకోడానికి పెట్టారు. పక్కవాడి పుస్తకం చదవడం వేరు, మన కాయితం మీద అచ్చేసుకోవడం వేరు. మనం చెప్పకుండా తీసుకుంటే, వాళ్లు చెప్పకుండా ఏదో ఒకటి మార్చేస్తారు. అప్పుడు మళ్లీ గీతలే. ఫోను చెయ్యి. అడిగితే పోయేదేముంది?"

రెండు తప్పులు ఒకేరోజు చెప్పించుకోవడం ఆమెకి ఇష్టం లేదు. కానీ ఆయన చెప్పింది నిజం. మూడో రక్తనిధి పేజీ అడుగున ఉన్న నంబరు నొక్కింది. నాలుగోసారి మోగాక ఒక స్త్రీ గొంతు, "రికార్డుల సెక్షన్" అంది. పెద్దావిడ, తొందరలేని మనిషి.

తాళాలమ్మ గుక్కతిప్పుకోకుండా చెప్పింది. తమ పేజీ ఏమిటో, ఎలా తెస్తోందో, రేపు పదింటికి పెద్దాసుపత్రి సూపరింటెండెంటుకి ఎందుకు చూపిస్తున్నారో చెప్పి, "మీ అంకెలు మా పేజీలో చూపించుకోడానికి మీ అనుమతి కావాలి మేడం" అంది.

అవతల కాయితాలు తిరగేసిన చప్పుడైంది.

"మమ్మల్ని అడిగి తీసుకున్నవాళ్లు మీరే మొదలమ్మా. అనుమతి సంగతి తర్వాత చూద్దాం. మా పేజీలో నెగటివ్ మొత్తం ఎన్నున్నాయంటోంది?"

"రెండు."

"నిన్నో?"

"నిన్న కూడా రెండే."

"పంతొమ్మిది రోజుల నుంచీ రెండే. ఆ అంకెలు మార్చే ఆవిడకి బదిలీ అయింది. ఆ కుర్చీలోకి ఇంకా ఎవరూ రాలేదు. నా దగ్గర రిజిస్టరు ఉంది గానీ, ఆ పేజీ తాళం లేదు. దాన్ని చూసి ఎవర్నీ పంపకండి."

తాళాలమ్మ చూపు బల్ల మీది కాయితం మీద పడింది. ముప్పై రెండు టిక్కులు. మూలంతో అక్షరం పొల్లుపోకుండా సరిపోయింది. మూలమే తప్పయితే ప్రూఫు ఏం చేస్తుంది? పేజీని పేజీతో పోల్చారు గానీ, ఆ పేజీని రక్తం దాచే ఫ్రిజ్‌తో పోల్చడం ఎవరికీ తట్టలేదు.

"మేడం, మా అక్క బయల్దేరింది" అంది. "ఏడేళ్ల పాపతో ఆ రెండింటి కోసమే మీ దగ్గరికి వస్తోంది. రేపు సాయంత్రం లోపల ఎక్కించాలి."

"రానివ్వండి. నా దగ్గర కూర్చోబెడతాను, భయపడకండి." ఆవిడ గొంతు తగ్గించింది. తలుపు మూసిన చప్పుడు వినిపించింది. "ఆ రెండూ ఎవరికీ ఎక్కించలేదమ్మా. వేరేచోటికి పంపమన్నారు, నా చేత్తోనే చీటీ రాసి పంపాను. ఇంకోచోటి నుంచి అదే గ్రూపువి నాలుగు వెళ్లాయి. మొత్తం ఆరు. ఇవాళ పొద్దున కూడా అక్కడ ఆరూ ఉన్నాయి, నేను కనుక్కున్నాను."

"ఎక్కడ మేడం?"

"పెద్దాసుపత్రిలో. తమ అవసరానికని అట్టేపెట్టుకుని, బయటివాళ్లు అడగకుండా సైట్లో సున్నా పెడతారు. రేపు పదింటికి మీరు నిలబడబోయేది ఆ సూపరింటెండెంటు ముందే కదా? ఆ సున్నా పెట్టించింది ఆయనే."

బాబాయ్ కళ్లద్దాలు తీసి ఆమె మొహంలోకి చూస్తున్నాడు. తాళాలమ్మ ఫోను చెవి నుంచి తియ్యకుండానే ఆయన చేతిలోని ఎర్రసిరా పెన్ను అందుకుంది. మొదటి వరుసలో ఆయన పెట్టిన టిక్కుని కొట్టేసింది, దాని పక్కనున్న సున్నాని కొట్టేసింది. ప్రెస్సులో తప్పు దిద్దే పద్ధతిలోనే, కాయితం అంచున ఆరు అని రాసింది.